‘సంసారం’లో తడబడిన పిల్ల

సెట్లో లైట్లు వెలిగాయి. ఆ రోజుల్లో స్టూడియో దీపాలంటే నిప్పుల కుంపట్లే. వాటి కింద నాలుగు నిమిషాలు నిలబడితే నుదుటి మీద చెమట పోసి, మొహానికి పూసిన రంగు చారలు కడుతుంది. మేకప్ మనిషి చివరిసారి పఫ్ అద్ది పక్కకు తప్పుకున్నాడు. క్లాప్ పడింది. కెమెరా తిరుగుతోంది. ఎదురుగా అక్కినేని నాగేశ్వరరావు నిలబడి ఉన్నారు. ఇప్పుడు ఆ అమ్మాయి మాట చెప్పాలి. గొంతులోంచి మాట రాలేదు.

అది 1950, మద్రాసు. సాధనా ఫిలిమ్స్ వారి ‘సంసారం’ తయారవుతోంది. ముఖ్య పాత్రల్లో ఎన్.టి. రామారావు, నాగేశ్వరరావు, లక్ష్మీరాజ్యం. నాగేశ్వరరావుకి జోడీగా విజయవాడ నుంచి వచ్చిన కొత్త పిల్లని తీసుకున్నారు. పదిహేనేళ్ల ప్రాయం. పేరు సావిత్రి.

టేకు పోయింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ పోయింది. ముడి ఫిల్ము విదేశాల నుంచి రావలసిన కాలం అది. కెమెరాలో ఫిల్ము నిమిషానికి 90 అడుగుల చొప్పున పరుగెడుతుంది. కొత్త నటి అరనిమిషం తడబడితే 45 అడుగులు చెత్తబుట్టలో పడ్డట్టే. అందరి చూపూ తన మీదే ఉన్నప్పుడు ఆ లెక్క ఆ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. రీటేకు రీటేకుకీ సెట్లో పెరిగే నిశ్శబ్దమే చెబుతుంది. తప్పు చేస్తానేమోనన్న భయం తప్పు చేయిస్తుంది. చేసిన తప్పు మరింత భయపెడుతుంది. కొత్తగా వేషం కట్టిన ప్రతివాళ్లకీ తెలిసిన సుడిగుండమే అది.

చివరికి ఆ వేషం ఆమెకు దక్కలేదు. పుష్పలతకి ఇచ్చారు. సావిత్రికి అదే సినిమాలో కాసేపు కనిపించి పోయే చిన్న వేషం మిగిలింది.

ఈ కథ చాలామందికి తెలుసు. 2018లో ‘మహానటి’ వచ్చాక కొత్త తరానికీ తెలిసింది. కానీ ఎక్కువగా ఆమె వైపు నుంచే చెప్పుకుంటాం. ఆ రోజు కెమెరా పక్కన కుర్చీలో కూర్చున్న దర్శకుడి వైపు నుంచి చూస్తే ఇదే కథ ఇంకోలా ఉంటుంది. ఆ దర్శకుడు ఏలూరు పక్క పల్లెటూరి మనిషి. సోమవరప్పాడు. అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. లోకానికి ఎల్.వి. ప్రసాద్.

*

ఆయన ఊరికి దగ్గరి కొల్లేరు సరస్సు రెండు డెల్టాల మధ్య పల్లంలో ఉంది. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు గోదావరి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు అందులో చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. చుట్టూ పల్లెలు, లోపల లంకలు. ఏటా ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. పంటలు ఇంటికొచ్చాక ఊళ్లలో భాగవతాలు, హరికథలు, పద్యనాటకాలు. మైలవరం బాలభారతి లాంటి నాటక సమాజాల పేరు ఇంటింటా మోగిన కాలం. ఆ గాలి పీల్చి పెరిగిన పిల్లలకు వేషం కట్టాలన్న కోరిక పుట్టడంలో వింతేముంది?

‘సంసారం’ సెట్లో ఈ ప్రాంతంవాళ్లు ఒక్కరు కాదు. ప్రసాద్ ఉత్తరపు ఒడ్డున ఏలూరు పక్కవాడైతే, నాగేశ్వరరావు దక్షిణాన గుడివాడ దగ్గరి రామాపురం రైతుబిడ్డ. హాస్యం చేసిన రేలంగి వెంకట్రామయ్య పుట్టింది కాకినాడ దగ్గరైనా, ఇల్లు కట్టుకుని స్థిరపడి, రేలంగి చిత్రమందిర్ అని సినిమా హాలు పెట్టి, 1975లో కన్నుమూసింది తాడేపల్లిగూడెంలో. ఈ ముగ్గురిలో ఒక్కరూ నటన బడికి పోయి నేర్చుకున్నవాళ్లు కారు. ముగ్గురూ తడబడి, తోసివేయబడి, చిన్నచిన్న వేషాల్లో అరిగి అరిగి తేలినవాళ్లే.

నాగేశ్వరరావు సంగతే చూడండి. చదువు ప్రాథమిక పాఠశాలతో ఆగింది. ఊళ్ల మీద నాటకాల్లో ఆడవేషాలు కట్టాడు. పెయ్యేరుకు చెందిన దుక్కిపాటి మధుసూదనరావు ఆ కుర్రాణ్ణి చేరదీసి నాటకాల్లో నిలబెట్టాడు. 1941లో ‘ధర్మపత్ని’లో ఒక చిన్న వేషం. ఆ తరవాత మూడేళ్లకి విజయవాడ రైల్వేస్టేషన్లో ఘంటసాల బలరామయ్య కంటపడి, ‘శ్రీసీతారామ జననం’లో రాముడయ్యాడు. ‘బాలరాజు’ 1948లో ఆడిన తీరుకి అతను ఊరూరా ఆరాధ్యుడు. సావిత్రి కూడా ఆ ఆరాధకుల్లో ఒకతె. తెరమీద చూసి మురిసిపోయిన మనిషి రెండడుగుల దూరంలో నిలబడి, నీ వంతు మాట నువ్వు చెప్పు అన్నట్టు చూస్తుంటే ఏ పిల్లకైనా నాలుక పిడచగట్టుకుపోదూ?

రేలంగిది ఇంకా దీర్ఘమైన కథ. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో మొదలై, 1935లో కలకత్తాలో సి. పుల్లయ్య తీసిన ‘శ్రీకృష్ణ తులాభారం’తో తెరకెక్కాడు. అక్కణ్ణుంచి పదేళ్లకు పైగా పుల్లయ్య దగ్గర ఏ పని ఉంటే ఆ పని చేశాడు. 1949లో ‘గుణసుందరి కథ’ వచ్చేదాకా పేరు నిలబడలేదు. 1970లో పద్మశ్రీ అందుకున్న ఆ మనిషి తొలి గుర్తింపు కోసం పద్నాలుగేళ్లు కాచుకున్నాడు.

*

ఇక ప్రసాద్. 1908 జనవరి 17న పుట్టాడంటారు. చదువు మీద మనసు లేదు. డప్పు మోగితే చాలు, పరుగు. ఊరూరా తిరిగే ఆటగాళ్ల వెంట, డేరాల్లో అరిగిపోయిన రీళ్లు వేసే మూకీ సినిమాల వెంట మనసు పోయేది. ఊళ్లో నాటకాల్లో తనూ వేషాలు కట్టాడు. చిన్న వయసులోనే మేనమామ కూతురు సౌందర్య మనోహరమ్మతో పెళ్లయింది. తండ్రి శ్రీరాములు అప్పులపాలై ఐపీ పెట్టాడు. ఐపీ పెట్టిన ఇంటి కుర్రాడు పల్లెటూళ్లో తలెత్తుకుని తిరగడం ఎలా ఉంటుందో గోదావరి జిల్లాలవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకరోజు వంద రూపాయలు జేబులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బొంబాయి రైలెక్కేశాడు.

హిందీ రాదు. ఇంగ్లీషు రాదు. తెలిసినవాడు లేడు. నటుణ్ణి అవుదామని వెళ్లినవాడికి దొరికిన పని ఏమిటంటే, వీనస్ ఫిలిం కంపెనీలో చెప్పిన పనల్లా చేసే కుర్రాడు. ఆ తరవాత ఇంకో కంపెనీలో అదే పని. సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే పని కూడా చేశాడు. అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు అన్న పొడుగాటి పేరు జీతాల పుస్తకంలో పట్టక ఎవరో గుమాస్తా ఎల్.వి. ప్రసాద్ అని కుదించాడంటారు.

1931లో ఇంపీరియల్ వారి ‘ఆలం ఆరా’ వచ్చింది. భారతదేశపు తొలి టాకీ. అందులో ప్రసాద్‌కి చిన్న వేషం. ఆ సినిమా ఎలా తీశారో తెలిస్తే కొత్త నటుడి భయం అంటే ఏమిటో అర్థమవుతుంది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. పగలు రైళ్ల మోత మైకుకి ఎక్కుతుందని రాత్రిళ్లు, రైళ్లు ఆగిన వేళ తీశారు. డబ్బింగు లేదు. నటుడు మాట్లాడిన మాట అప్పటికప్పుడే ఫిల్ము మీద పడాలి. కనిపించకుండా దాచిన మైకుకి అందేలా నిలబడాలి. అర్ధరాత్రి దాటాక, కళ్లు మండుతుండగా, తప్పు చేస్తే అందరి శ్రమా పోతుందన్న ఎరుకతో మాట చెప్పాలి. అదే ఏడాది వచ్చిన ‘కాళిదాస్’లోనూ, 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ ప్రసాద్ ఉన్నాడు. ‘ప్రహ్లాద’లో మొద్దబ్బాయి వేషం. హిందీ, తమిళం, తెలుగు మూడు భాషల తొలి టాకీల్లోనూ కనిపించిన ఆ కుర్రాడి పేరు అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ అజ్ఞాతవాసమే ఆయన్ని తీర్చిదిద్దిందని నా నమ్మకం. చిన్న వేషగాడికి ఒక భాగ్యం ఉంది. రోజంతా సెట్లో ఉంటాడు, తన వంతు వచ్చేది రెండు నిమిషాలు. మిగతా సమయమంతా చూడడమే. పెద్ద నటుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, ఏ మాట దగ్గర చూపు తిప్పాడు, లైటు ఎక్కడ పడుతోంది, కెమెరా ఎంత దూరాన ఉంటే గొంతు ఎంత తగ్గించాడు, అన్నీ కనబడతాయి. ప్రసాద్ దాదాపు పదిహేనేళ్లు అలా చూశాడు. నటించాడు, సహాయ దర్శకుడిగా పనిచేశాడు. నటన మీద దాహం తీరక బొంబాయిలో పృథ్వీరాజ్ కపూర్ స్థాపించిన పృథ్వీ థియేటర్స్‌లో చేరాడు. అక్కడ ఉండగానే దర్శకత్వానికి పిలుపు వచ్చింది. 1946లో ‘గృహప్రవేశం’. దర్శకుడు తనే, భానుమతి సరసన కథానాయకుడూ తనే.

ఆ తరవాత ఆయన కుర్చీలో కూర్చుని చేతులు ఊపి పనిచేయించుకునే దర్శకుడు కాలేదు. లేచి, ప్రతి పాత్రా తను చేసి చూపించేవాడు. ఆడవేషమైనా, ముసలి వేషమైనా సరే. కొత్తవాళ్లకు ఇది వరం. ఎలా చేయాలో మాటల్లో చెబితే అయోమయపడే మనిషికి, కళ్లముందు ఒక ఒళ్లు కదిలి చూపిస్తే దారి దొరుకుతుంది. అయితే ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. చూపించినదాన్ని అచ్చుగుద్దితే నటన కాదు, అనుకరణ అవుతుంది. ప్రసాద్ చేతిలో ఎదిగినవాళ్లలో ఏ ఇద్దరూ ఒకలా నటించరు. అనుకరణ దగ్గర ఆగనివ్వలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

భయం ఒక్కొక్కరిలో ఒక్కోలా బయటపడుతుంది. ‘సంసారం’కి ఏడాది ముందు, 1949లో, ప్రసాదే తీసిన ‘మనదేశం’లో ఇన్‌స్పెక్టర్ వేషానికి ఇంకో కొత్త కుర్రాడు వచ్చాడు. సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగం వదులుకుని వచ్చిన నందమూరి తారక రామారావు. ఉద్యమకారుల మీద లాఠీ ఝళిపించే దృశ్యం. యాక్షన్ అనగానే ఆ కుర్రాడు నిజంగానే చితకబాదేశాడు. ఎదుట నిలబడ్డ చిన్న వేషగాళ్లు లబోదిబోమన్నారు. ప్రసాద్ ఆపి, ఇది నటన, నిజం దెబ్బలు కొట్టకూడదని నచ్చజెప్పవలసి వచ్చింది. అందరూ దీన్ని నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులోనూ బెరుకే కనబడుతుంది. సావిత్రికి గొంతు పూడుకుపోయింది, రామారావుకి చెయ్యి అదుపు తప్పింది. మొదటిసారి కెమెరా ముందుకొచ్చిన ఒంట్లో పొంగిన వేడి ఒకరిని బిగించేస్తుంది, ఒకరిని పొర్లించేస్తుంది. రెంటికీ మందు ఒకటే, అలవాటు.

*

సావిత్రి వేదికకి కొత్తది కాదు. చిర్రావూరులో పుట్టి, నెలల పిల్లగా ఉండగానే తండ్రి పోతే, విజయవాడలో పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య ఇంట పెరిగింది. శిష్ట్లా పూర్ణయ్య శాస్త్రి దగ్గర నాట్యం నేర్చింది. నాటకాలాడింది. కాకినాడలో ఆమె నాట్యం చూసి పృథ్వీరాజ్ కపూర్ తన చేత్తో బహుమతి ఇచ్చాడని చెబుతారు. ఎవరి నాటక సంస్థలో ప్రసాద్ పనిచేశాడో ఆ పృథ్వీరాజే! వందలమంది ముందు జంకని పిల్ల, ఒక్క కెమెరా ముందు ఎందుకు జంకింది?

రంగస్థలం మీద నటుడికి జనం తోడు. తెర లేచిందంటే మూడు గంటలు ఒకే ప్రవాహం. మొదటి సీనులో కాలు వణికినా రెండో సీనుకి సర్దుకుంటుంది. చప్పట్లు, ఈలలు, ఒన్స్ మోర్‌లు, చివరి వరసలో ఏడ్చే పసిపిల్ల, అన్నీ కలిసి నటుణ్ణి మోస్తాయి. గొంతు చివరి బల్లదాకా వినబడాలి. చెయ్యి ఎత్తితే నిండుగా ఎత్తాలి. స్టూడియోలో ఇదంతా తలకిందులు. జనం లేరు, చప్పట్లు లేవు. కథ మధ్యలోంచి ఒక ముక్క తీసి ఇప్పుడు ఏడు అంటారు, ఇప్పుడు సిగ్గుపడు అంటారు. నేల మీద సుద్దతో గీసిన గీత దాటకూడదు. దాటితే ఫోకస్ పోతుంది. రెప్ప వాల్చినా పెద్ద తెరమీద తలుపు మూసినంత కనబడుతుంది. నాటకంలో గొప్ప అనిపించుకున్నవన్నీ ఇక్కడ అతి అవుతాయి. పాత విద్య పనికిరాకపోయి, కొత్తది ఇంకా చేతికి రాని ఆ కొద్దికాలమే నటుడి జీవితంలో అన్నిటికన్నా చలి పుట్టించే కాలం. సావిత్రిని ‘సంసారం’ సరిగ్గా అప్పుడు పట్టుకుంది. పైగా ఎదురుగా ఆరాధ్య నటుడు.

ఆమె విజయవాడ వెళ్లిపోలేదు. ఈ కథకి గుండెకాయ ఇదే. పెద్ద వేషం పోయిన సినిమాలోనే చిన్న వేషం వేసి, ఆ తరవాత చిన్నవో చితకవో వచ్చినవన్నీ చేసింది. 1951లో ‘రూపవతి’. అదే ఏడు ‘పాతాళ భైరవి’లో ఒక నాట్యం. ఆ నాట్యంలో ఆమె చెప్పవలసిన మాట ఒక్కటీ లేదు. ఒంటికి బాగా తెలిసిన విద్య అది. తెలిసిన పనితో కెమెరా ముందు నిలబడడం అలవాటైంది. సెట్టు వేడి, క్లాప్ చప్పుడు, వందమంది చూపులు, అన్నీ కొత్తదనం పోగొట్టుకున్నాయి. భయానికి తిండి కొత్తదనమే. అది కరువైతే భయం తనంతట తనే చిక్కిపోతుంది.

1952లో విజయావారు ‘పెళ్లి చేసి చూడు’ తీశారు. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. జి. వరలక్ష్మి కథానాయిక, జోగారావుకి జంటగా సావిత్రి. రెండేళ్ల కిందట తన సెట్లో మాట పెగలక పక్కకు తప్పుకున్న పిల్లతో ప్రసాద్ మళ్లీ పనిచేశాడు. సినిమా రంగంలో ఒకసారి పోయిన పేరు తిరిగి రావడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. మూడు భాషల తొలి టాకీల్లో ఉండి కూడా ఎవరికీ తెలియకుండా మిగిలిపోయిన మనిషి, ఒక్కరోజు చూసి ఇంకొకరి మీద తీర్పు రాయడు. అతని జీవితమే అతనికి ఆ ఓర్పు నేర్పిందని అనుకుంటాను.

1953 జూన్‌లో ‘దేవదాసు’ వచ్చింది. దేవదాసు నాగేశ్వరరావు. పార్వతి సావిత్రి. ఎవరి ఎదుట మూడేళ్ల కిందట నోరు పెగల్లేదో ఆ మనిషి కళ్లలోకి చూస్తూ చేసిన పాత్ర అది.

*

1955 జనవరి, ‘మిస్సమ్మ’. మళ్లీ ప్రసాదే దర్శకుడు. ‘సంసారం’ సెట్లో ఉన్నవాళ్లు చాలామంది ఇక్కడా కలిశారు. రామారావు, నాగేశ్వరరావు, రేలంగి. జమీందారు గోపాలంగా ఎస్.వి. రంగారావు. ఆయనా పుట్టింది నూజివీడులో. 2022లో జిల్లాలు విడదీశాక అది ఏలూరు జిల్లాలోకే వచ్చింది. మొదట కథానాయిక భానుమతి. నాలుగు రీళ్లు తీశాక నిర్మాత చక్రపాణికీ ఆమెకీ మాట పట్టింపు వచ్చి ఆమె తప్పుకుంది. రెండో కథానాయికగా ఉన్న సావిత్రికి మేరీ పాత్ర వచ్చింది, ఆమె వదిలిన పాత్రలోకి జమున వచ్చింది.

ఆ పరిస్థితి ఒకసారి తలచుకోండి. భానుమతి అంతటి నటి చేసి వదిలిన వేషం. పోల్చి చూడనివాళ్లు ఉండరు. భయపడడానికి ‘సంసారం’ నాటికన్నా ఇక్కడ కారణాలు ఎక్కువ. కానీ తెరమీద మేరీని చూడండి. ముక్కుమీద కోపం, ఆ కోపం వెనక జాలి, మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడవలసి వచ్చినందుకు ఒళ్లంతా చిరాకు. ఎక్కడా గొంతు పెంచదు. కనుబొమ కొంచెం పైకి లేస్తుంది, పెదవి బిగుస్తుంది, అంతే. నాటకం నుంచి వచ్చిన పిల్ల కెమెరా కొలత పూర్తిగా పట్టేసింది.

రెండేళ్లకి, 1957లో ‘మాయాబజార్’. దర్శకుడు కె.వి. రెడ్డి స్టాప్‌వాచ్ చేతపట్టుకుని రిహార్సల్స్ చేయించేవాడు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసినదాన్ని నటన నేర్చుకునేవాళ్లు పాఠంలా చూడాలి. రంగారావు ఘటోత్కచుడి నడక, మెడ విరుపు, చెయ్యి వేసే తీరు తన సన్నటి ఒంట్లోకి తెచ్చుకుంది. అనుకరణ అని తెలుస్తూనే ఉంటుంది, అయినా శశిరేఖ అందం ఎక్కడా చెడదు. తనది ఆడవేషమని గుర్తుకు రాగానే ఉలిక్కిపడి ఆడతనం పైన కప్పుకునే క్షణాలు ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటాయి. ఎదుటి నటుణ్ణి అంత నిశితంగా గమనించాలంటే తన గురించిన బెంగ పోవాలి. భయపడే నటుడు తనను తాను చూసుకుంటాడు. భయం వదిలిన నటుడు ఎదుటివాణ్ణి చూస్తాడు.

ఈ మాట సావిత్రికి ముందే రష్యాలో ఒకాయన పట్టుకున్నాడు. స్తానిస్లావ్‌స్కీ నటన గురించి రాసిన పుస్తకంలో ఒక కొత్త విద్యార్థినిని వేదికమీద పెట్టి, తెర మడతల్లో ఒక పిన్ను దాచానని, వెతకమని గురువు చెబుతాడు. ఆ పిల్ల గుండెలు బాదుకుంటూ, పరుగులు పెడుతూ వెతుకుతున్నట్టు నటిస్తుంది. చాలా బాగా చేశాననుకుంటుంది. ఏదీ పిన్ను, అని గురువు అడిగితే లేదు. నిజంగా దొరకకపోతే బడి మానేయాల్సిందే అనేసరికి, ఈసారి ఒక్కో మడతా నెమ్మదిగా, ఊపిరి బిగపట్టి వెతుకుతుంది. చూసేవాళ్లకి గుండె దడదడలాడేది అప్పుడే. చేతికి నిజమైన పని, మనసుకి నిజమైన గురి ఉంటే, జనం చూస్తున్నారన్న ధ్యాస దానంతటదే పక్కకు పోతుంది.

భయం పోవడం ఒక్కసారితో అయ్యేదీ కాదు. ప్రసాద్ తరంవాడే అయిన లారెన్స్ ఒలీవియే, ఇంగ్లండు నాటకరంగానికి శిఖరం లాంటివాడు, యాభై ఏడేళ్ల వయసులో వేదిక మీద భయపడడం మొదలుపెట్టాడు. అది ఏళ్ల తరబడి వదల్లేదు. ‘ఒథెల్లో’ ఆడుతూ, ఒంటరిగా మాట్లాడే ఘట్టాల్లో తనకి కనబడేలా తెర పక్కనే నిలబడమని తోటి నటుడు ఫ్రాంక్ ఫిన్లేని బతిమాలుకున్నాడు. నిలబడేవాడు ఒకడున్నాడన్న ధైర్యంతో నెట్టుకొచ్చాడు. అంతటివాడికే తోడు కావలసి వచ్చినప్పుడు, నాటక పరిషత్తు పోటీలో మొదటిసారి రంగు పూసుకున్న కుర్రాడికి అక్కర్లేదా?

*

ఇప్పుడు ఏలూరు వీధుల్లో, తాడేపల్లిగూడెం కాలేజీల్లో వేషం మీద మోజున్న పిల్లలకి కొదవలేదు. బొంబాయి రైలెక్కక్కర్లేదు. చేతిలో ఫోనుంది. ఆడిషన్ వీడియో ఇంట్లో గోడ ముందు తీసి పంపుతున్నారు. యాభైసార్లు తీసి, యాభైసార్లు చెరిపేసి, ఒకటి పంపుతారు. ఇందులో ఒక లోటుంది. ఎదుట మనిషి లేడు. వాళ్లు చూస్తున్నది తమ మొహమే. నటనకి అన్నిటికన్నా చేటు చేసే అలవాటు ఇదేనని గట్టిగా అనుకుంటాను. ఫోను పక్కన స్నేహితుణ్ణి నిలబెట్టి అతనితో మాట్లాడండి. మాటలు నోటికి వచ్చాక కూర్చుని వల్లించకండి. బియ్యం ఏరుతూ, సైకిలు తుడుస్తూ, మెట్లెక్కుతూ చెప్పండి. చేతులకి పని ఉన్నప్పుడు కూడా మాట తప్పకుండా వస్తే, సెట్లో లైట్లు కళ్లల్లో కొట్టినా వస్తుంది. వేదిక ఎక్కే రోజు గంట ముందే వెళ్లి, ఖాళీ వేదిక మీద నడిచి, చివరి కుర్చీదాకా గొంతు విసిరి చూసుకోండి. ఊపిరి పైపైన ఆడుతుంటే కడుపులోకి దింపి నెమ్మదిగా వదలండి. వణుకు ఆగకపోయినా ఫరవాలేదు. వణుకుతూ చేసిన మొదటి వేషం లేని నటుడు ఈ ప్రాంతంలో పుట్టలేదు. అన్నిటికన్నా ముఖ్యం, చిన్న వేషం వస్తే వదలకండి. కాగడా పట్టుకుని నిలబడే భటుడికైనా పక్క తెర చాటునుంచి మొత్తం నాటకం చూసే అవకాశం దొరుకుతుంది.

ఇక పెద్దలకి. దర్శకుడిగా ప్రసాద్ ‘షావుకారు’ నుంచి ‘మిస్సమ్మ’ దాకా ఎన్నో తీశాడు. 1982లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. కంటి ఆసుపత్రి రూపంలో ఆయన పేరు ఇవాళ సినిమా చూడనివాళ్లకీ తెలుసు. నా దృష్టిలో వాటన్నిటి పక్కన నిలవవలసిన పని ఇంకొకటుంది. ‘సంసారం’లో తప్పిన పిల్లని ‘పెళ్లి చేసి చూడు’లో మళ్లీ కెమెరా ముందు నిలబెట్టడం.

ఈ ఏడు పరిషత్తులకి నాటకాలు కడుతున్న ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, భీమవరం సమాజాలవారికి విన్నపం. రిహార్సల్లో మాట తప్పిన కుర్రాణ్ణి, గొంతు పూడుకుపోయిన అమ్మాయిని మార్చవలసి వస్తే మార్చండి. నాటకం బాగుండాలి కదా. కానీ ఇంటికి పంపకండి. అదే నాటకంలో ఒక చిన్న వేషం ఇచ్చి, రోజూ రిహార్సల్‌కి రమ్మనండి. వచ్చే ఏడు కొత్త నాటకానికి పాత్రలు పంచేటప్పుడు ముందు వాళ్ల పేర్లు రాసుకోండి.